పెట్టె అడిగిన ప్రశ్న

ఫిబ్రవరి 2

తొలివిడత పంపాం. ఎవరికీ తెలియలేదు. మా పనిలో అంతకన్నా మెప్పు లేదు.

బిల్లు కౌంటర్లు, పంపుహౌసులు, పైపుల గోడౌను. నీటి సరఫరా సంస్థకి ఊరంతా ఉన్న కంప్యూటర్లన్నిటిలోకీ కొత్త ఫిర్యాదుల ప్రోగ్రాంని నా కుర్చీలోంచి కదలకుండా ఎక్కించడం మొదలైంది. అక్కడివాళ్ళు తమ పని తాము చేసుకుంటూనే ఉన్నారు. తెర మీద ఏ పెట్టే రాలేదు, ఏ ప్రశ్నా రాలేదు. ప్రోగ్రాం ఏమైనా అడగాల్సి వస్తే వాళ్ళ తరఫున మేమే ముందుగా 'సరే' అని రాసి పంపుతాం. సైలెంట్ ఇన్‌స్టాలేషన్. నా భార్య మాత్రం పిల్లి ఉద్యోగం అనేది.

సాయంత్రానికి, ఏ కంప్యూటర్‌లో పని ఎంతవరకొచ్చిందో చూపే బోర్డు చాలావరకు పచ్చబడింది. కొన్ని పసుపు. పసుపంటే ఇంకా సాగుతోందని. శాతంగారు మూడుసార్లు వచ్చి 'ఎంత శాతం' అన్నారు. మా మేనేజర్‌కి ఆ పేరు పెట్టింది హెల్ప్‌డెస్క్‌లో ఉండే సైరన్. ఆవిడకి సైరన్ అని పెట్టింది ఆయన. ఎవరి బాకీ వాళ్ళు తీర్చుకున్నారు.

పాత ప్రోగ్రాం నెలాఖరు దాకానే. అప్పటికి పసుపు మిగిలినచోట పైపు పగిలిందని ఎవరైనా వస్తే కాగితమూ కలమే.

ఫిబ్రవరి 3

అత్తయ్య గడియారంతో అన్నారు: "కూరలో ఉప్పెక్కువైంది. తినేవాళ్ళు తక్కువ వేసుకుంటే మంచిది."

తక్కువ వేసుకున్నాను.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ నాతో నేరుగా మాట్లాడింది లేదు. పక్కనే కూర్చున్నా కూతురివైపు తిరిగి "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడగవే" అనేవారు. తను నావైపు తిరిగి "తాగుతారా" అనేది. నేను "తాగుతాను" అని తనతో అనేవాణ్ణి. "తాగుతారటమ్మా." ముగ్గురం ఒకే సోఫాలో. "నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజినా" అని తను నవ్వేది.

వానాకాలం నుంచి ఎక్స్‌ఛేంజి లేదు. జబ్బుపడ్డ కూతుర్ని చూసుకోవడానికని వచ్చిన ఆవిడ, అంతా అయిపోయాక కూడా ఉండిపోయారు. కొన్నాళ్ళు ఇద్దరం ఊరుకున్నాం. తర్వాత ఆవిడ హాల్లో గోడ గడియారంతో మొదలుపెట్టారు. నేను దాని కిందే కూర్చుంటాను కాబట్టి లైను బాగానే ఉంది. ఒకవైపు లైను. నాకు గడియారంతో మాట్లాడటం చేతకాదు.

ఫిబ్రవరి 5

ఫోన్లో సైరన్‌తో "అన్నిచోట్లా సున్నాలే వచ్చాయి, చాలా సంతోషం" అన్నాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గడియారం వంక చూశారు.

"సున్నాలొస్తే సంతోషించే ఉద్యోగాలు కూడా ఉన్నాయన్నమాట. మా బళ్ళో అయితే బెంచీ ఎక్కించేవాళ్ళం."

ఆవిడ ఉద్యోగమంతా లెక్కల టీచరుగానే గడిచింది. ప్రోగ్రాం పని ముగించాక ఒక అంకె తిప్పి పంపుతుందనీ, సున్నా అంటే ఏ తప్పూ జరగలేదని అర్థమనీ చెప్పాలనిపించింది. ఎవరితో చెప్పాలో తెలీక ఊరుకున్నాను.

ఫిబ్రవరి 6

బావమరిది ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను. అత్తయ్య ఎదురుగానే ఉన్నారు.

"నెలాఖరుకి కారేసుకుని వచ్చి అమ్మని తీసుకెళ్తాను బావగారూ. ఎన్నాళ్ళని మీకు ఇబ్బంది. మీకేమైనా అభ్యంతరమా?"

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ గడియారం వంక చూశారు. గడియారం ఏమీ అనలేదు.

"సరే అయితే. అమ్మా, నీక్కూడా సరేనా?"

ఆవిడ గిన్నె తీసుకుని లోపలికెళ్ళారు.

"సరే అయితే," అన్నాడు మళ్ళీ.

అభ్యంతరం ఎందుకుంటుంది. కన్నకొడుకు.

ఫిబ్రవరి 7

ఆవిడ వెళ్తే ఆ గది ఖాళీ అవుతుంది. నా పుస్తకాలు సర్దుకోవచ్చు.

ఫిబ్రవరి 8

పుస్తకాలు తీసి చూశాను. ఒక అరకి సరిపోయాయి.

పేపర్లో వచ్చే అంకెల గళ్ళని అత్తయ్య కాఫీ చల్లారేలోపు పూర్తిచేస్తారు. పూర్తిగా కాదు. ఒక గడి వదిలేసి పేపరు బల్ల మీద పెడతారు. ఇదివరకు ఆ గడి తను నింపేది. ఇప్పుడు కూడా అలవాటుగా వదిలేస్తున్నారు. ఖాళీగా ఉంటే చూడటానికి బాగోదని నేను నింపుతున్నాను. ఆవిడకి తెలుసో లేదో.

ఫిబ్రవరి 9

గోడౌనులో ఒక కంప్యూటర్ సున్నా పంపింది. పచ్చ. మధ్యాహ్నం అక్కడి గుమాస్తా ఫోన్ చేసి "కొత్తది ఎక్కించామన్నారు, ఏదండీ" అన్నాడు. చూస్తే నిజంగానే లేదు. ఎక్కకుండానే ఎక్కానని చెప్పింది.

"సున్నా వచ్చిందన్నారు కదండీ," అన్నారు శాతంగారు.

"అది దాని మాటండీ. పరీక్ష రాసినవాడే దిద్దుకున్నట్టు."

"అయితే ఇప్పుడు ఎంత శాతం?"

ఇకమీదట సున్నా వచ్చినా నమ్మకుండా, చెప్పిన వస్తువు అక్కడుందో లేదో చూసొచ్చే తనిఖీ ఒకటి కలిపాను. అది కలపగానే పచ్చగా ఉన్నవి నాలుగు ఎర్రబడ్డాయి. శాతంగారికి ఆ తనిఖీ నచ్చలేదు.

ఫిబ్రవరి 10

"అటక మీద ఆ నీలం పెట్టె ఉందో లేదో," అన్నారు అత్తయ్య, గడియారంతో.

ప్రయాణం తొందర మొదలైందన్నమాట. స్టూలెక్కి దించాను. బరువేం లేదు. దుమ్ము తుడిచి, వెతుక్కోకుండా కనపడాలని హాల్లో గడియారం కిందే పెట్టాను. ఆవిడ వచ్చి పెట్టెని చూశారు. ఏదో అనబోయి లోపలికెళ్ళిపోయారు.

కొడుకు దగ్గరికి వెళ్తున్న సంతోషం కాబోలు. మంచిదే.

ఫిబ్రవరి 11

బావమరిది రోజూ సాయంత్రం ముందు నాకు చేస్తాడు. "అమ్మ ఎలా ఉంది బావగారూ?" బాగున్నారు అంటాను. తర్వాత ఆవిడకి చేస్తాడు. ఇవతలి గదిలోకి వినపడుతుంది. "బాగున్నారు," అంటారు ఆవిడ నా గురించి.

రెండు సున్నాలు. ఇద్దరం పచ్చ.

ఫిబ్రవరి 12

పెట్టె అక్కడే ఉంది. ఆవిడ సర్దడం మొదలుపెట్టలేదు. దానివల్ల నాకేం ఇబ్బంది లేదు.

ఫిబ్రవరి 13

పెట్టె అంచు కాలి బొటనవేలికి తగిలింది. గోరు నల్లబడింది. ఇబ్బందేం లేదు.

"నడిచేవాళ్ళు కింద చూసుకు నడవాలి," అన్నారు అత్తయ్య గడియారంతో, దూదీ మందూ బల్ల మీద పెట్టి.

ఫిబ్రవరి 16

మీటింగు. కౌంటర్లవాళ్ళు కొందరు 'మాకు చెప్పకుండా మా కంప్యూటర్లలో ఏదో పెట్టారు' అంటున్నారట. ఏం జవాబు చెప్పాలి అన్నారు శాతంగారు.

"మౌనం అర్ధాంగీకారం అని చెప్పండి," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది సైరన్. పై అంతస్తువాళ్ళు ఫోన్ చేసి ఏమైందని అడిగారు.

బస్సెక్కాక గుర్తొచ్చింది. ఆ సామెత మా ఇంట్లో వేరేగా ఉండేది. ఏదైనా అడిగితే నేను పేపర్లోంచి తల ఎత్తకపోతే, తను దాన్ని విరిచి చెప్పేది. "మౌనం, అర్ధాంగి కారం. మీరు నోరు మూసుకున్నప్పుడల్లా ఇక్కడ నాకు కళ్ళు మండుతాయి, తెలుసా."

ఇవాళ కూరలో కారం ఎక్కువైంది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కారం వల్లే.

అత్తయ్యకి కూడా ఎక్కువైనట్టుంది.

ఫిబ్రవరి 18

ఎర్రవన్నీ బాగయ్యాయి. పసుపే తేలడం లేదు. అన్నిట్లోకీ మొండిది ఉత్తరం పంపుహౌసుది. రెండో తారీఖు నుంచీ 'సాగుతోంది' అంటోంది. అవునూ అనదు, కాదూ అనదు. సైరన్ అక్కడి ఆపరేటర్‌కి ఫోన్ చేసింది. స్పీకర్ అవసరం లేకుండానే అందరం విన్నాం.

"మీ తెర మీద ఏమైనా అడుగుతోందాండీ?"

"ఏమీ అడగట్లేదు మేడం. బుద్ధిగా ఉంది."

"నెమ్మదించిందా?"

"ఇది పుట్టడమే నెమ్మదిగా పుట్టింది మేడం."

"అవును, కాదు అని రెండు గుండీలతో చిన్న పెట్టె ఏదైనా వచ్చిందేమో చూడండి."

"పెట్టే లేదు, బుట్టా లేదు. మీరు కొంచెం మెల్లగా మాట్లాడితే నాకు పంపు చప్పుడు వినపడుతుంది. ఆగిందో తిరుగుతోందో తెలీట్లేదు."

ఆవిడ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "బలవంతంగా ఆపేద్దాం సార్."

"మధ్యలో ఆపితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు."

"మరేం చేద్దాం?"

"చూద్దాం."

"నెల మొదలైనప్పట్నుంచి చూస్తూనే ఉన్నారు. చూడటంలో మీకు డాక్టరేట్ ఇవ్వచ్చు సార్."

ఫిబ్రవరి 20

అత్తయ్య అంకెల గళ్ళు మొత్తం నింపేశారు. ఒక్క గడీ వదల్లేదు.

ఫిబ్రవరి 21

ఇవాళ ఆవిడ గడియారంతో కూడా మాట్లాడలేదు.

ఫిబ్రవరి 24

దొరికింది.

పంపుహౌసు కంప్యూటర్ చిట్టా మొదటి నుంచి చదివాను. ప్రతి అడుగూ రాసుకుంటుంది, ఎవరూ చదవకపోయినా. నాలాగే. ఆఖరి పంక్తిలో 'పాత ప్రోగ్రాంని తొలగించే పని మొదలైంది' అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. మిగతా పసుపువాటిలోనూ అదే ఆఖరి పంక్తి. అన్నిట్లోనూ ఉన్నది బాగా పాతకాలపు ప్రోగ్రామే.

విషయం అర్థమై నవ్వొచ్చింది. కొత్తదానికి నోరెత్తొద్దని చెప్పి పంపాం. పాతదానికి ఎవరూ చెప్పలేదు. తీసెయ్యబోయేసరికి అది లేచి ఒక ప్రశ్న వేసింది. వేసింది ఎవరికీ కనపడని చాటు తెర మీద. మేం పంపిన పనులన్నీ జరిగేది అక్కడే. ఆపరేటర్ తెర మీదికి రాదు.

ఆ చాటు తెరని నా తెర మీదికి రప్పించాను. నట్టనడుమ చిన్న బూడిదరంగు పెట్టె.

'ఈ ప్రోగ్రాంని నిజంగా తొలగించమంటారా?'

కింద రెండు గుండీలు. అవును. కాదు.

"ఓరి నాయనో," అంది సైరన్. ఆవిడ మెల్లగా మాట్లాడగా వినడం ఇదే మొదలు. "ఇన్నాళ్ళూ ఇది అడుగుతూ కూర్చుందా?"

"ఒక్కసారే అడిగింది. జవాబు కోసం కూర్చుంది."

"మనమేమో మొరాయించిందనుకున్నాం."

శాతంగారు కూడా వచ్చి తొంగిచూశారు. ఈసారి ఎంత శాతం అనలేదు. "నొక్కండి మరి," అన్నారు.

"పంపుహౌసాయన్ని ఒకమాట అడిగి నొక్కుదాం."

"సైలెంట్‌గా చేసే పనికి అడగడమేంటండీ?"

"ఇప్పుడది సైలెంట్ కాదు కదండీ."

సైరన్ ఫోన్ చేసి అడిగింది. ఆయన జవాబు నాకూ వినపడింది. "తీసెయ్యండి మేడం. అడిగారు, అదే పదివేలు."

నొక్కాను. చూస్తుండగానే పచ్చబడింది. మిగిలిన చోట్లకి కూడా ఒక్కొక్కరికే ఫోన్ చేసి అడిగి నొక్కమని సైరన్‌కి చెప్పాను. ఆవిడకి ఇష్టమైన పని.

ఇంటికొచ్చాను. పెట్టె గడియారం కిందే ఉంది.

ఫిబ్రవరి 25

అడుగుదామనుకున్నాను. ఆవిడ బట్టలు ఆరేస్తున్నారు.

ఫిబ్రవరి 26

అడుగుదామనుకున్నాను. ఆవిడ ఖాళీగానే ఉన్నారు.

ఫిబ్రవరి 27

ఏమని అడగాలి. 'వెళ్తారా' అంటే వెళ్ళమన్నట్టు ఉంటుంది. 'ఉంటారా' అంటే కొడుకు దగ్గరికి వెళ్ళకుండా ఆపినట్టు ఉంటుంది. తనైతే చిటికెలో అడిగేసేది. "ఏవమ్మా, ఉంటావా పోతావా, ఆయన అడుగుతున్నారు." నేను అడక్కపోయినా అలాగే అనేది.

ఫిబ్రవరి 28

బావమరిది ఉదయమే వచ్చాడు. కాఫీ తాగి, గడియారం చూసి, "ఎండెక్కకముందే బయల్దేరదాం అమ్మా" అని పెట్టె అందుకున్నాడు. అందుకుని వెనక్కి తూలాడు.

"ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది? సర్దుకోలేదా?"

వాడు పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒకసారి ఆవిడ వంక, ఒకసారి నా వంక.

నేను లేచాను. గడియారం వైపు తిరిగాను. గొంతు సవరించుకున్నాను.

"వెళ్ళాలని ఉందో లేదో," అన్నాను గడియారంతో, "ఎవరూ అడిగినట్టు లేదు."

వెనకనుంచి జవాబొచ్చింది, గడియారానికే. "అడక్కుండానే పెట్టె దించి ఎదురుగా పెడితే ఇక అడగడానికేముంది?"

"అటక మీద ఉందో లేదో అని అడిగితేనే కదా దించింది."

"ఉందో లేదో అన్నాను. దించమన్నానా? ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసేవాళ్ళకి ఏ తరగతిలోనూ మార్కులు వెయ్యలేదు నేను."

"మీరిద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాడు బావమరిది. వాడు కూడా గడియారం వంకే చూస్తున్నాడు.

"నువ్వుండరా," అన్నారు అత్తయ్య.

"మరి ఎందుకడిగినట్టో," అన్నాను.

ఆవిడ వచ్చి కొడుకు చేతిలోంచి పెట్టె తీసుకుని, నేల మీద పెట్టి మూత తీశారు. కూతురి స్వెటర్లు రెండున్నాయి. బూడిదరంగుదీ, ఆకుపచ్చదీ. బూడిదరంగు దానికి మోచేతి దగ్గర చిరుగు అలాగే ఉంది.

"అటక మీద చెమ్మ. ఇవి పాడవుతాయేమోనని," అన్నారు. ఇది గడియారంతో అనలేదు. ఎవరితోనూ అనలేదు.

ముగ్గురం పెట్టె చుట్టూ చేరి తడిమి చూశాం. చెమ్మేం తగల్లేదు. బాగానే ఉన్నాయి.

"నేను అడిగానుగా అమ్మా," అన్నాడు బావమరిది చివరికి. "ఫోన్లో ఇద్దర్నీ అడిగాను. ఇద్దరూ ఊరుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాను."

అత్తయ్య కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అర్ధమేగా? మిగతా సగం ఎవర్నడిగావు?"

"ఇద్దరి సగాలూ కలిపితే ఒకటి అయింది కదమ్మా."

"సగం నిమ్మకాయ, సగం గుమ్మడికాయ కలిపి ఒక కాయ అంటావేంట్రా? ఆరో తరగతిలో చెప్పాను నీకు. నా చేతే చెప్పించుకున్నావు, ఇంకొకళ్ళని అనడానికి కూడా లేదు."

వాడు నా వంక చూశాడు, కాపాడమన్నట్టు. నేనొక్కణ్ణే ఆ మాటలో ఇంకో చోట ఆగిపోయాను. మిగతా సగం. అడగగలిగితే తను ఏమనేదో నాకు తెలుసు. ఇక్కడ కళ్ళు మండుతున్నాయి, ఇద్దరిలో ఎవరో ఒకళ్ళు నోరు తెరవండి అనేది.

"పంపడం నాకిష్టం లేదు," అన్నాను. గడియారంతోనే.

"నాకూ వెళ్ళాలని లేదు," అన్నారు ఆవిడ, దానితోనే. "పండక్కో పబ్బానికో వీడే వస్తాడు. కారుందిగా."

బావమరిది ఊపిరి వదిలి సోఫాలో కూలబడ్డాడు. "ఈ ముక్క ఫోన్లో చెప్తే పెట్రోలు మిగిలేది కదా."

"భోంచేసి వెళ్ళు," అన్నారు అత్తయ్య.

వాడు తిన్నాడు. కూరలో ఉప్పు సరిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మాతో చెప్పినట్టే, గడియారానికి కూడా వెళ్ళొస్తానని చెప్పాడు. వాడిలో అక్క పోలిక ఉంది. ఇన్నాళ్ళూ చూడలేదు.

మార్చి 1

బోర్డు మొత్తం పచ్చ. తనిఖీతో సహా. శాతంగారు వచ్చి, అడగడానికి ఏమీ లేక, "బాగున్నారా?" అన్నారు. ఆయన నన్ను అలా అడగడం ఇదే మొదటిసారి. అలవాటుగా 'బాగున్నాను' అనబోయి, "ఇవాళ ఫర్వాలేదండీ" అన్నాను. ఆయన తల ఊపి, "అది శాతంలో చెప్పలేం లెండి" అని వెళ్ళిపోయారు.

సైరన్ ఆయన జోకు వేశారని ఆఫీసంతా చాటింది.

మార్చి 2

పెట్టె అటకెక్కించలేదు. అత్తయ్య తన గదిలో, చెమ్మ తగలని చోట పెట్టుకున్నారు. నా పుస్తకాల కోసం అనుకున్న గోడ అదే.

పేపర్లో రెండు గళ్ళు వదిలారు. ఒకటి కష్టమైంది. తప్పు వేశాను. సాయంత్రం చూస్తే ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి ఉంది.

మార్చి 5

"జుట్టు చెవుల మీదికొచ్చింది, మంగలిషాపు మూసేశారేమో," అన్నారు గడియారంతో.

"ఆదివారం వెళ్తాను," అని గడియారానికి చెప్పాను. రెండువైపులా లైను బాగా పనిచేస్తోంది.

మార్చి 9

హాల్లో గడియారం ఆగిపోయింది.

అత్తయ్య దాని వంక చూశారు. కాసేపు ఆగి మళ్ళీ చూశారు. చెప్పాల్సిందేదో నోటిదాకా వచ్చి ఉన్నట్టుంది. నేను పేపరు తిరగేశాను. తల ఎత్తలేదు.

"బ్యాటరీ వెయ్యి నాయనా," అన్నారు. నాతో.

"వేస్తాను అత్తయ్యా," అన్నాను.

బ్యాటరీ బల్ల సొరుగులోనే ఉంది. ఇంకా వెయ్యలేదు.